బడిభేదం, అక్షరభేదం: కంప్యూటర్ భాషల వివాదానికి కడప, కర్నూలు పేర్ల సాక్ష్యం

వ్యాస సంగ్రహం

కంప్యూటర్ భాషల్లో రోమన్ లిపి పెద్దబడి, చిన్నబడి అక్షరాలను వేర్వేరుగా చూడాలా, ఒకటిగా చూడాలా అన్న వివాదం దశాబ్దాలుగా సాగుతోంది. తెలుగు లిపిలో ఈ రెండు బడులు లేవు. అందువల్ల ఈ వివాదం మనకు సంబంధించినది కాదని అనిపించవచ్చు. అయితే రూపభేదం ఎప్పుడు అర్థభేదమవుతుంది అన్న ప్రశ్న తెలుగు శాసనాలకు, ఛందస్సుకు, నిఘంటువులకు పాతదే. ఈ వ్యాసం కడప, కర్నూలు ప్రాంతాల పేర్లను, శాసనాలను, బ్రౌన్ కృషిని ఆధారం చేసుకొని ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. చదువరికి అర్థాన్ని మార్చే భేదాన్ని యంత్రం నిలపాలనీ, ఒక లిపికి మాత్రమే ఉన్న భేదానికి వ్యాకరణాధికారం ఇవ్వరాదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పెద్దబడి, చిన్నబడి, శకటరేఫ, యతి, ప్రాస, లిప్యంతరీకరణ, యూనికోడ్, కడప, కర్నూలు.

1. ఉపోద్ఘాతం

రోమన్ లిపిలో ప్రతి అక్షరానికి రెండు రూపాలున్నాయి. క్యాపిటల్ లెటర్స్ అని పిలిచేవి పెద్దబడి, స్మాల్ లెటర్స్ అని పిలిచేవి చిన్నబడి. ఒకే పేరును ఒకచోట చిన్నబడిలోనూ మరొకచోట పెద్దబడిలోనూ రాసినప్పుడు కొన్ని కంప్యూటర్ భాషలు వాటిని రెండు వేర్వేరు పేర్లుగా పరిగణిస్తాయి. మరికొన్ని ఒకే పేరుగా తీసుకుంటాయి. మొదటి పద్ధతిని ఈ వ్యాసంలో ‘బడిభేదం పాటించడం’ అనీ, రెండవదాన్ని ‘బడిభేదం పాటించకపోవడం’ అనీ వ్యవహరిద్దాం.

మొదటి పద్ధతిని సమర్థించేవారు కచ్చితత్వాన్ని కారణంగా చూపుతారు. రాసినది రాసినట్టే ఉండాలి, యంత్రం ఊహించరాదు అని వారి వాదం. రెండవ పద్ధతిని సమర్థించేవారు మనిషి చదివే తీరును ప్రమాణంగా తీసుకుంటారు. వాక్యం మొదట్లో పెద్దబడిలో ఉన్నంత మాత్రాన మాట మారిపోదు కదా అని వారి ప్రశ్న. రెండు వాదాలూ రోమన్ లిపి వాడేవారి అనుభవం నుంచి పుట్టినవే. రెండు బడులు లేని లిపి వైపు నుంచి చూస్తే వివాదం ఎలా కనిపిస్తుందన్న పరిశీలన తక్కువ. ఆ లోటును కొంతవరకు పూరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. యంత్రంలోకి రెండు బడుల ప్రవేశం

తొలి కంప్యూటర్ భాషలు బడిభేదాన్ని పాటించకపోవడానికి కారణం సిద్ధాంతం కాదు, సరంజామా. 1957లో ఐబీఎం 704 యంత్రానికి ఫోర్ట్రాన్ వచ్చినప్పుడు కార్యక్రమాలను రంధ్రాల కార్డులపై ఎక్కించేవారు. ఆ పనికి వాడిన యంత్రాల్లో పెద్దబడి మాత్రమే ఉండేది. ఒక్కో అక్షరానికి ఆరు బిట్లు కేటాయిస్తే 64 సంకేతాలకే చోటు. అంకెలు, గుర్తులు పోగా రెండవ బడికి అందులో స్థలం లేదు. 1963లో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో కూడా పెద్దబడి ఒక్కటే ఉంది. 1967 సవరణతో చిన్నబడి చేరింది. పెద్దబడి ‘ఏ’కు 65, చిన్నబడి ‘ఏ’కు 97 అనే సంఖ్యలు స్థిరపడ్డాయి. రెండింటికీ తేడా 32. అంటే యంత్రం దృష్టిలో బడిభేదం ఒక్క బిట్టు భేదం మాత్రమే.

రెండు బడులూ అందుబాటులోకి వచ్చాకే ‘పాటించాలా, వద్దా’ అన్న ప్రశ్న నిజమైన ప్రశ్న అయింది. బెల్ ప్రయోగశాలల్లో రూపుదిద్దుకున్న యూనిక్స్ వ్యవస్థ, 1972 ప్రాంతంలో అక్కడే వెలసిన సి భాష బడిభేదాన్ని పాటించాయి. అయినా పాత సరంజామా జాడ యూనిక్స్‌లో మిగిలింది. ఎవరైనా తమ లాగిన్ పేరును పూర్తిగా పెద్దబడిలో కొడితే, ఆ టెర్మినల్‌కు చిన్నబడి లేదని భావించి యూనిక్స్ తన తీరు మార్చుకొనేది. నిక్లాస్ విర్త్ రూపొందించిన పాస్కల్ బడిభేదాన్ని పాటించలేదు. ఆయనే తరువాత రూపొందించిన మాడ్యులా-2 పాటించింది. 1980ల నాటి అడా పాటించలేదు. 1990ల నాటి జావా పాటించింది. పీహెచ్‌పీ భాషలో చరరాశుల పేర్లకు ఒక నియమం, ఫంక్షన్ల పేర్లకు మరొక నియమం. ఇంటర్నెట్ చిరునామాల్లోని డొమైన్ పేర్లలో బడిభేదానికి విలువ లేదు. ఒకే రచయిత రెండు భాషల్లో రెండు విధాలుగా నిర్ణయించుకోవడాన్ని బట్టి ఇది తేలికగా తెగే వివాదం కాదని గ్రహించవచ్చు.

3. తెలుగులో భేదం, అభేదం

తెలుగుకు రెండు బడులు లేకపోయినా ‘రెండు రూపాలు ఒకటా, రెండా’ అన్న ప్రశ్న ఉంది. దానికి అత్యంత స్పష్టమైన ఉదాహరణ ర, ఱల జంట. సాధురేఫ, శకటరేఫ అని వ్యాకర్తలు వేరుచేసిన ఈ రెండు వర్ణాలు ఒకప్పుడు అర్థభేదకాలు. ‘ఏరు’ అంటే ఎద్దులు కట్టిన నాగలి. ‘ఏఱు’ అంటే వాగు, నది. ఏరువాకలోని ఏరు మొదటిది, పెన్నేటిలోని ఏఱు రెండవది. ‘ఊరు’ గ్రామం, ‘ఊఱు’ అంటే చెమ్మగా నీరు రావడం. వానకోసం, ఏటి నీటికోసం ఎదురుచూసే రాయలసీమ రైతు బతుకులో ఈ నాలుగు మాటలూ ఒకదానికొకటి ఎంత దగ్గరివో చెప్పనక్కర లేదు. ఉచ్చారణలో భేదం నశించాక నేటి రాతలో నాలుగింటికీ సాధురేఫే మిగిలింది. సందర్భమే అర్థాన్ని తేలుస్తోంది.

ఈ మార్పుకు కడప, కర్నూలు ప్రాంతాల ఊరిపేర్లే సాక్ష్యాలు. తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధి పొందిన రేనాటి చోళుల కలమళ్ళ శాసనం కడప ప్రాంతంలోని ఎర్రగుంట్ల మండలానిది. ఎరికల్ ముత్తురాజు ధనంజయుని ఈ శాసనాన్ని పండితులు క్రీ.శ. 575 ప్రాంతానికి చెందినదిగా నిర్ణయించారు. రేనాటి చోళుల మరో శాసనం ఎర్రగుడిపాడులో దొరికింది. అశోకుని శిలాశాసనాలున్న ఎర్రగుడి కర్నూలు ప్రాంతంలో ఉంది. కడప పట్టణంలో బ్రౌన్ పేరిట వెలసిన గ్రంథాలయం, భాషాపరిశోధన కేంద్రం ఉన్న చోటు ఎర్రముక్కపల్లె. ఈ నాలుగు పేర్లలోని ‘ఎర్ర’ పూర్వలిపిలో ‘ఎఱ్ఱ’. పాత పద్ధతిలో అచ్చయిన గ్రంథంలో ‘ఎఱ్ఱగుంట్ల’ అనీ, నేటి రికార్డులో ‘ఎర్రగుంట్ల’ అనీ ఉంటే మనిషి రెండూ ఒకే ఊరని ఎరుగును. యూనికోడ్‌లో మాత్రం ర, ఱలు పక్కపక్క స్థానాల్లో ఉన్న రెండు వేర్వేరు అక్షరాలు. ప్రత్యేకంగా చెప్పకపోతే ఒకదానికోసం వెతికే యంత్రానికి మరొకటి దొరకదు. శాసనపాఠాలను, పాత గ్రంథాలను కంప్యూటర్‌లో శోధించే నేటి పరిశోధకునికి ఇది నిత్యం ఎదురయ్యే సమస్య.

దీనికి విరుద్ధమైన సమస్య కూడా ఉంది. రేనాటి చోళుల కాలపు శాసనాల్లో ళకారానికి భిన్నమైన మరొక వర్ణం కనిపిస్తుంది. తమిళంలో ఇప్పటికీ నిలిచిన ఈ వర్ణం తెలుగులో చాలాకాలం క్రితమే లోపించింది. యూనికోడ్‌లో తెలుగుకు మొదట స్థానాలు కేటాయించినప్పుడు దీనికి చోటు దక్కలేదు. 2014లో వెలువడిన యూనికోడ్ 7.0లో ‘ఴ’ చేరింది. అంతవరకు యూనికోడ్ తెలుగులో శాసనపాఠాన్ని ఎక్కించదలచినవారికి ఆ భేదాన్ని తెలుగు లిపిలోనే చూపే వీలు లేకపోయింది. నిలుపుకొన్న భేదాన్ని అవసరం లేనప్పుడు పక్కన పెట్టవచ్చు. నమోదు కాని భేదాన్ని తిరిగి రాబట్టడం సాధ్యం కాదు.

ఛందస్సు ఈ విషయంలో మరింత సూక్ష్మమైన పాఠం చెబుతుంది. తెలుగు పద్యంలో రెండు రకాల అక్షర పోలికలు ఏకకాలంలో పనిచేస్తాయి. యతిలో క, ఖ, గ, ఘలకు మైత్రి ఉంది. అల్పప్రాణ మహాప్రాణ భేదాన్ని, శ్వాస నాద భేదాన్ని యతి పక్కన పెడుతుంది, అచ్చుల మైత్రిని మాత్రం అడుగుతుంది. ప్రాసలో నియమం వేరు. అక్కడ హల్లు అదే హల్లు కావాలి, అచ్చు ఏదైనా కావచ్చు. ల, ళల వంటి కొన్ని జంటలకు లాక్షణికులు ప్రాసమైత్రిని అంగీకరించారు. ర, ఱలను ప్రాసలో కలపరాదన్నారు. తరువాతి కవులు ఆ కట్టడిని అంతగా పాటించలేదు. అంటే ఒకే పద్యపాదంలోని అక్షరాలను మన సంప్రదాయం రెండు వేర్వేరు కొలతలతో చూసింది. యతి కోసం సడలించిన భేదాన్ని రాతలో చెరిపివేయలేదు. కగల మైత్రి ఉన్నందువల్ల ‘కాలి’ని ‘గాలి’గా ఎవరూ రాయలేదు. నిలపడం వేరు, పోల్చడం వేరు అన్న ఈ వివేచనే నేటి వివాదానికి తాళపుచెవి.

4. బ్రౌన్: పాఠభేదమా, లేఖనభేదమా

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. తరువాతి కాలంలో అక్కడ బంగళా కొని, పండితులను నియమించి, తాళపత్ర ప్రతులను సేకరించి పరిష్కరింపజేశాడు. 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సులపై పుస్తకం, 1829లో వేమన పద్యాల సంకలనం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించాడు.

ప్రతుల పరిష్కరణలో ప్రతి పండితునికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇక్కడ ప్రస్తుతం. రెండు ప్రతుల్లో ఒక మాట రెండు విధాలుగా ఉన్నప్పుడు అది పాఠభేదమా, లేక లేఖకుని రాత అలవాటా? అరసున్న ఉండడం, లేకపోవడం, ర ఱల తారుమారు, ద్విత్వం రాసే తీరు వంటివన్నీ చూడగానే భేదాలుగా కనిపిస్తాయి. అన్నింటినీ పాఠభేదాలుగా లెక్కిస్తే పద్యం పాఠాంతరాల కింద కనుమరుగవుతుంది. అన్నింటినీ లేఖనభేదాలుగా కొట్టివేస్తే నిజమైన పాఠాంతరం జారిపోతుంది. ఏ ఒక్క సూత్రమూ ఈ పనికి చాలదు. ఛందస్సు, అర్థం, కాలం మూడూ తెలిసినవారే తేల్చాలి. నిఘంటుకారునికి కూడా ఇదే చిక్కు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం ర, ఱల భేదాన్ని నిలిపింది. నేటి వాడుకరి ఆ భేదం తెలియకుండానే దాన్ని తెరుస్తాడు. వెతికేవాడు సాధురేఫతో వెతికినా శకటరేఫ పదం దొరకాలి, దొరికినప్పుడు శకటరేఫతోనే కనబడాలి. మంచి డిజిటల్ నిఘంటువుకు ఇంతకంటె సూటి లక్షణం లేదు.

5. రోమన్ లిపిలో తెలుగు: బడికి కొత్త బరువు

తెలుగుకూ బడిభేదానికీ ప్రత్యక్ష సంబంధం ఏర్పడింది రోమన్ లిపిలో తెలుగు రాయవలసి వచ్చినప్పుడు. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని తెలుగువారు ఇంటర్నెట్ చర్చావేదికల్లో తెలుగులో రాసుకోవాలనుకున్నారు. ఆనాటి సాధనాలు ఆస్కీ అక్షరాలను మాత్రమే భద్రంగా చేరవేసేవి. పండితులు వాడే చుక్కల, గీతల రోమన్ అక్షరాలకు అందులో తావు లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ రూపొందించిన పద్ధతి ఆర్‌టీఎస్ పేరుతో వ్యాప్తి చెందింది. అందులో చిన్నబడి ‘టీ’ తకారం, పెద్దబడి ‘టీ’ టకారం. చిన్నబడి ‘డీ’ దకారం, పెద్దబడి ‘డీ’ డకారం. న ణలకు, ల ళలకు ఇదే ఏర్పాటు. దీర్ఘాచ్చులకు, సున్నకు కూడా పెద్దబడి ఉపయోగపడింది. తరువాత వచ్చిన ‘లేఖిని’ వంటి సాధనాలు ఈ పద్ధతిని సామాన్య వాడుకరికి చేర్చాయి.

ఇంగ్లీషులో వాక్యారంభాన్ని, సంజ్ఞానామాన్ని సూచించే అలంకారప్రాయమైన భేదం ఇక్కడ వర్ణభేదమైంది. ఆర్‌టీఎస్‌లో ‘పాట’కు ‘పాత’కు, ‘కోటి’కి ‘కోతి’కి, ‘మడి’కి ‘మది’కి, ‘కళ’కు ‘కల’కు తేడా బడి ఒక్కటే. కడప పేరు రాయాలంటే నడుమ పెద్దబడి ‘డీ’ తప్పనిసరి. అది చిన్నబడి అయితే పేరు ‘కదప’ అవుతుంది. యతి ఎంత ఉదారంగా ఉన్నా టవర్గాన్ని తవర్గంతో కలపదు. బడిభేదం పాటించని యంత్రం ఆర్‌టీఎస్ రాతలో ఆ రెంటినీ కలిపేస్తుంది. తెలుగు ఛందస్సు అనుమతించిన అత్యంత సడలింపును కూడా అది దాటిపోతుందన్నమాట. ఆర్‌టీఎస్‌లో ‘పాట’, ‘పాత’ అని పేర్లు పెట్టిన రెండు ఫైళ్ళు లినక్స్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉండగలవు. విండోస్ సాధారణ అమరికలో ఉండలేవు. డొమైన్ పేరుగా కడపకు, కదపకు తేడాయే లేదు.

అయితే బడికి స్వతస్సిద్ధమైన అర్థమేదీ లేదనడానికి కూడా ఇక్కడే ఆధారముంది. ఐఐటీ కాన్పూర్‌లో భారతీయ భాషల యాంత్రిక విశ్లేషణకోసం రూపొందిన డబ్ల్యుఎక్స్ పద్ధతిలో చిన్నబడి ‘డీ’ డకారం, పెద్దబడి ‘డీ’ ఢకారం. దకారానికి ‘ఎక్స్’ వాడతారు. ఆ పద్ధతిలో కడప పూర్తిగా చిన్నబడిలోనే ఉంటుంది. కర్నూలు మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకే విధంగా, దీర్ఘ ఊకారానికి పెద్దబడి ‘యూ’తో రాయవచ్చు. ఒకే పెద్దబడి ‘డీ’ ఒకరికి మూర్ధన్యం, మరొకరికి మహాప్రాణం. భేదం బడిలో లేదు, దాన్ని వాడుకొనే సమాజపు ఒడంబడికలో ఉంది.

ప్రభుత్వ వర్ణక్రమాలు మూడవ దారిని చూపుతాయి. కడపకు ఇంగ్లీషువారి కాలం నుంచి ఉన్న వర్ణక్రమంలో ‘డీ’ రెండుసార్లు వచ్చేది, చివర ‘హెచ్’ ఉండేది. 2005లో దాన్ని మార్చి తెలుగు ఉచ్చారణకు దగ్గరి వర్ణక్రమాన్ని అధికారికం చేశారు. భూవిజ్ఞానులు ఈ ప్రాంతపు శిలాసమూహానికి పాత వర్ణక్రమాన్నే కొనసాగిస్తున్నారు. కొత్త వర్ణక్రమం తెలుగుకు దగ్గరే గాని, అందులో డకార దకార భేదం తెలిసే మార్గం లేదు. ఆ ఊరి పేరు ముందే ఎరిగినవాడే దాన్ని సరిగా పలకగలడు. నేటి ఫోన్లలోని లిప్యంతరీకరణ సాధనాలు ఇదే పని చేస్తున్నాయి. బడిని పట్టించుకోకుండా, ఎక్కువగా వాడుకలో ఉన్న రూపాన్ని ఊహించి అందిస్తాయి. కడప వంటి ప్రసిద్ధ నామానికి ఇది హాయి. పెద్దగా రాతకెక్కని పల్లె పేరుకు, వాడుక తప్పిన ‘ఏఱు’ వంటి మాటకు ఆ ఊహలో చోటు దొరకడం కష్టం.

6. కడప చెల్లుతుంది, కర్నూలు చెల్లదు

యూనికోడ్ వ్యాప్తి చెందాక అనేక కంప్యూటర్ భాషలు రోమనేతర లిపులలో పేర్లు పెట్టడానికి అనుమతించాయి. పైథాన్ 3లో ‘కడప’, ‘కర్నూలు’ రెండూ చరరాశులకు పేర్లుగా చెల్లుతాయి. పైగా పైథాన్ పేర్లను ఒక ప్రామాణిక రూపానికి తెచ్చి పోలుస్తుంది. ఐత్వాన్ని ఒకే సంకేతంగానైనా, రెండు సంకేతాల కలయికగానైనా నమోదు చేయవచ్చు. పాఠకునికి రెండూ ఒకటే కాబట్టి పైథాన్‌కూ ఒకటే. ర, ఱలను మాత్రం అది కలపదు. కంటికి కనిపించని భేదాన్ని విస్మరించి, కనిపించే భేదాన్ని గౌరవించడం ఇందులోని సూత్రం.

2009లో గూగుల్ సంస్థ ప్రకటించిన గో భాష దీనికి భిన్నం. అందులో పేరు అక్షరాలతో, అంకెలతో, అండర్‌స్కోర్‌తో మాత్రమే ఏర్పడాలి. గుణింతపు గుర్తులను, పొల్లును యూనికోడ్ అక్షరాలుగా కాక చేర్పు గుర్తులుగా వర్గీకరించింది. ఫలితంగా మూడు తలకట్టు అక్షరాల ‘కడప’ గో భాషలో చెల్లుతుంది. పొల్లు, కొమ్ములు ఉన్న ‘కర్నూలు’ చెల్లదు. చేర్పు గుర్తులను ఉద్దేశపూర్వకంగానే మినహాయించామనీ, దానివల్ల దేవనాగరి వంటి లిపులకు ఇబ్బంది ఉందనీ గో నిర్మాతలే తమ వివరణలో ఒప్పుకున్నారు.

చెల్లిన కడపకు కూడా పూర్తి పౌరసత్వం లేదు. గో భాషలో ఒక పేరు తన ప్యాకేజీ దాటి బయటివారికి కనిపించాలంటే మొదటి అక్షరం పెద్దబడి కావాలి. తెలుగు అక్షరానికి పెద్దబడి లేదు గనుక తెలుగుతో మొదలయ్యే పేరు ఎప్పటికీ లోపలే ఉంటుంది. దాన్ని బయటికి తేవాలంటే ముందు ఒక రోమన్ పెద్దబడి అక్షరాన్ని తగిలించక తప్పదు. హాస్కెల్ భాషలో రకాల పేర్లు పెద్దబడితోనే మొదలవ్వాలి. ప్రోలాగ్‌లో చరరాశికి పెద్దబడి గాని అండర్‌స్కోర్ గాని కావాలి. చైనీయ, జపనీయ లిపులవారికీ ఈ చిక్కు ఉంది.

ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. రెండు బడుల పేర్లను రెండుగా చూడడం ఒకటి. పెద్దబడికి వ్యాకరణపరమైన అధికారం కట్టబెట్టడం మరొకటి. మొదటిదానివల్ల తెలుగు పేర్లకు నష్టం లేదు. ఆర్‌టీఎస్ వంటి రాతకు మేలు కూడా. రెండవదానివల్ల బడులు లేని ప్రతి లిపీ ద్వితీయశ్రేణికి దిగజారుతుంది. బడిభేదంపై సాగే సాధారణ చర్చలో ఈ రెండూ ఒకే గాటన కట్టబడుతున్నాయి.

బడిభేదం పాటించకపోవడం కూడా పైకి కనిపించేంత సులువు కాదు. రెండు బడులను కలపాలంటే ఏ అక్షరానికి ఏది జోడీయో తెలియాలి. తుర్కీ భాషలో చుక్క ఉన్న ‘ఐ’, చుక్క లేని ‘ఐ’ రెండు వేర్వేరు అక్షరాలు, ఒక్కోదానికి తనదైన పెద్దబడి. ఇంగ్లీషు జోడీలతో రాసిన కార్యక్రమం తుర్కీ అమరికలో తప్పు ఫలితాలివ్వడం కంప్యూటర్ రంగంలో సుపరిచితమైన లోపం. ‘సహజమైన అభేదం’ అనుకున్నది ఒక భాషకు మాత్రమే సహజం.

7. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలకు రావచ్చు. ఒకటి, పేర్లను గుర్తించే విషయంలో కంప్యూటర్ భాష రాసిన రూపాన్ని నిలపాలి. బడిభేదం పాటించడమే ఇందుకు మేలైన పద్ధతి. ఒక భాషలో అలంకారమైనది మరో భాష రాతలో వర్ణభేదం కాగలదని ఆర్‌టీఎస్ నిరూపించింది. రెండు, పోల్చడంలో, వెతకడంలో సడలింపు ప్రయోజనాన్ని బట్టి ఉండాలి. శాసన పరిశోధకునికి ఎఱ్ఱగుంట్ల, ఎర్రగుంట్ల ఒకే శోధనలో దొరకాలి. లిపి చరిత్రకారునికి అవి విడివిడిగా దొరకాలి. యతిని, ప్రాసను ఒకే పద్యంలో నడిపిన సంప్రదాయానికి ఈ రెండు కొలతలు కొత్తవి కావు. మూడు, ఏ కంప్యూటర్ భాషా బడికి వ్యాకరణాధికారం ఇవ్వరాదు. అలాగే గుణింతాన్ని అక్షరంలో భాగంగా గుర్తించని నియమం తెలుగు లిపిని అంగీకరించినట్టు కాదు.

తెలుగు పాఠనిధులను, శాసన సంపుటాలను, నిఘంటువులను కంప్యూటర్‌లోకి తెచ్చే పనిలో భాషాశాఖల పరిశోధకులు ఇప్పుడు ఎక్కువగా పాల్గొంటున్నారు. ఏ భేదాన్ని నమోదు చేయాలి, శోధనలో దేన్ని సడలించాలి అన్న నిర్ణయం ఇంజనీర్లకు వదిలేయదగింది కాదు. ర, ఱల చరిత్ర, ల ళల ప్రాసమైత్రి, టవర్గ తవర్గాల దూరం తెలిసినవారు ఆ నియమాలను రాసిపెడితేనే యంత్రం వాటిని పాటించగలుగుతుంది. ఏరువాకలోని ఏరు, పెన్నేటిలోని ఏఱు ఎక్కడ కలవాలో, ఎక్కడ విడిపోవాలో చెప్పవలసింది తెలుగు చదువుకున్నవారే.